పేగును పట్టుకున్న వెంట్రుకలు

ఆ ఉదయం వెంకట్రావ్ కోరుకున్నది ఒక్కటే: విశ్వేశ్వర్ సాహెబ్ కడుపునిండా తిని వెళ్ళాలి. నాందేడ్‌లో ఆయన నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు రోజూ భోజనం పంపే పని దొరికితే, ఇంట్లోనే నడిపే తన భోజనశాల, ఆ చతికిలబడ్డ ఖానావళి, మళ్ళీ లేస్తుంది. దొరక్కపోతే పొయ్యి ఆర్పేయడమే. భార్య ఉమాబాయి, కూతురు సాయలి తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు, వంకాయ కూర చేశారు.

సాహెబ్ స్కూటర్ దిగి నేరుగా పళ్ళెం ముందు కూర్చున్నాడు. తెలంగాణ సరిహద్దులోని ధర్మాబాద్ మనిషి కాబట్టి తెలుగు బాగా వచ్చు. కూరలో అద్దిన రొట్టె ముక్క నోటిదాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి సాయలి గొంతు వినిపించింది. సూక్ష్మజీవుల గురించి ఆ పూట కాలేజీలో చెప్పాల్సిన పాఠాన్ని స్నేహితురాలికి ఫోన్‌లో అప్పజెబుతోంది.

"ఒంటినిండ సన్నటి వెంట్రుకలే! గవి పేగుకు అతుక్కున్నయంటే ఇడువయి. విరేచనాలైనా కొట్టుకపోవు."

రొట్టె ముక్క గాల్లోనే ఆగింది.

"వెంట్రుకలేంది?" అన్నాడు సాహెబ్.

"మనయి కాదు సాబ్, క్రిములయి!" వెంకట్రావ్ కంగారుగా అన్నాడు.

"క్రిములు యాడున్నయి?"

"పేగుల్ల సాబ్."

"ఎవరి పేగుల్ల?"

వెంకట్రావ్ నోరు తెరిచేలోగా వంటింట్లోంచి ఉమాబాయి కేక వేసింది. కూతురికే కడుపు చెడిందనుకుంది ఆమె.

"విరేచనాలు ఎప్పటిసంది బిడ్డా? బయట పానీపూరి తినకని నెత్తీనోరు కొట్టుకున్న! గా చేతులతోనే రొట్టెలు చేస్తివి గదనే!"

సాహెబ్ పళ్ళెం పక్కకు జరిపాడు. వెంకట్రావ్ ముందుకు ఉరికాడు. "సూడుండ్రి సాబ్, నేనే తింటున్న!" అంటూ ఆ పళ్ళెం లాక్కొని, అందులోని రొట్టె, కూర గబగబా మింగాడు. కూరలోని మిరపకాయ గొంతుకు అడ్డం పడింది. కళ్ళనీళ్ళతో దగ్గుతూ పెరట్లోకి పరుగెత్తాడు. సాహెబ్ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

సాయలి ఉరికొచ్చింది.

"సాబ్, గది నా పాఠం! క్రిమికుండే గా వెంట్రుకల్ని పిలై అంటరు. గవి పేగు గోడను పట్టుకున్నంక క్రిమి కదలదు. అందుకే కడుపులకు పోకముందే సబ్బుతోని కడగాలె." ఆమె చూపు ఆయన వేళ్ళకంటిన స్కూటర్ మసి మీద పడింది. "మీరు చేతులు కడుక్కున్నరా?"

పెరటి గుమ్మంలో వెంకట్రావ్ దగ్గు సైతం ఆగిపోయింది. పెద్దమనిషిని ఇంటికి పిలిచి ఆ మాట అడగడమా! ఇక అంతా అయిపోయిందనుకున్నాడు.

సాహెబ్ తన అరచేయి చూసుకున్నాడు. చెప్పులు విడిచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతులదాకా రుద్ది కడుక్కొని వచ్చాడు.

"పోయిన నెల మా హాస్టల్ పొల్లలు సగం మంది దవాఖాన్ల పడ్డరు. వండినోన్ని అడిగితే నీళ్ళ మీద ఏసిండు. చేతుల సంగతి అడిగినోళ్ళను ఇయ్యాలనే సూస్తున్న. రేపటిసంది డబ్బాలు పంపుండ్రి. ముందుగాల నాకు ఇంకో పళ్ళెం పెట్టుండ్రి."

వెంకట్రావ్ సంబరంగా రొట్టెల బుట్టలో చెయ్యి పెట్టబోయాడు.

"బాపూ, చేతులు!" అంది సాయలి.

ఆ రోజు ఖానావళిలో అన్నిటికన్నా ముందు అయిపోయింది సబ్బు.