నేటాల్ ఓడకు మునెమ్మ పేరు

బజారు వీధికి అడ్డంగా బల్ల వేసి, బస్సులు ఆపి, చరిత్రను నాటకమాడే కళాకారులను జనం తిట్టుకుంటారు. నన్నడిగితే అలాంటి బృందాన్ని తాలూకాకు ఒకటి చొప్పున శాశ్వతంగా నియమించాలి. జీతం కూడా ఇవ్వాలి. నమ్మరా? అయితే తిరుత్తణిలో మునెమ్మకు ఏం జరిగిందో వినండి.

మునెమ్మ పుట్టింది నగరి అవతల ఒక పల్లెలో. పదిహేడో ఏట పెళ్లయి, తిరుత్తణి పక్క పల్లెకు కాపురానికి వచ్చింది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్నది బస్సులో ముక్కాలు గంట ప్రయాణం, ఒక రాష్ట్ర సరిహద్దు. నలభై మూడేళ్లు ఆ ఊళ్లోనే వేరుశనగ వేసింది, పిల్లల్ని పెంచింది, ఓట్లు వేసింది. భర్త పోయాక రేషన్ కార్డు తన పేరుకు మార్పించుకోవాలని ఒక ఆఫీసుకు వెళ్లింది. ఏ ఆఫీసో చెప్పను. మీరు చెప్పులరిగేలా తిరిగిన ఆఫీసే అనుకోండి.

అక్కడ ఆనందరాజ్ అనే గుమస్తా కాగితాలు తిరగేసి, "నువ్వు ఆంధ్రా కదమ్మా. పుట్టిన ఊరి నుంచి సర్టిఫికెట్ తీసుకొని రా" అన్నాడు. పుట్టిన ఊరికి పోతే అక్కడివాళ్లు, "నువ్వు తమిళనాడుకు పోయి నలభై ఏండ్లు దాటె. మా రికార్డులో యాడుంటావు?" అన్నారు. ఇలా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఆమె సరిహద్దు దాటినన్ని సార్లు ఇసుక లారీలు కూడా దాటి ఉండవు.

ఏడోసారి కోడలు కలైవాణిని వెంటబెట్టుకుని తిరుత్తణిలో బస్సు దిగేసరికి ఆఫీసుకు వెళ్లే దారి మూసేసి ఉంది. మదరాసు నుంచి వచ్చిన నాటక బృందం రోడ్డు మీద ప్రదర్శన ఇస్తోంది. ఇంగ్లీషు వాళ్ల కాలంలో ఈ పల్లెల జనాన్ని ఓడలెక్కించి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు కూలికి తోలుకుపోయిన కథ అది. గోనె గుడ్డలు కట్టుకున్న ఆడామగా, మెడల్లో రేకు బిళ్లలతో ఎండలో నిలబడి ఉన్నారు. నడుమ ఒక బల్ల. బల్ల వెనక టోపీ పెట్టుకున్న తెల్లదొర, ముందు లావుపాటి రిజిస్టరు. దర్శకురాలు మైకులో, "వలస ఒక గాయం. రండి, మీ గాయాన్ని నమోదు చేసుకోండి" అని పిలుస్తోంది.

జనానికి గాయం వినబడలేదు. నమోదు ఒక్కటే వినబడింది. బల్ల, రిజిస్టరు, పెన్ను పట్టిన మనిషి! మన దేశంలో వరస కట్టడానికి ఇంకేం కావాలి? పది నిమిషాల్లో వరస మిఠాయి కొట్టు దాటింది. అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు. ఒకాయన కుళాయి కనెక్షన్ కోసం వచ్చాడు. ఇంతటి ప్రేక్షక స్పందన మదరాసులో ఏనాడూ చూడలేదని దర్శకురాలు కళ్లు తుడుచుకుంది.

"అత్తా, ఇది నాటకం. పోదాం రా" అంది కలైవాణి.

"తెలుసులే. ఆ దొర మొగాన పౌడరు కరిగి మీసాల దాకా వచ్చిండాది. అయినా నిలబడు. ఆయన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడతా ఉండాడు."

దొర వేషం వేసిన శశికుమార్ ఆమె వంతు రాగానే లేచి స్టూలు జరిపాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు అడిగాడు. ఆ తర్వాత నాటకంలో ఉన్న ప్రశ్న వేశాడు. "ఊరు ఎందుకు వదిలావు?"

మునెమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. "నేనేమీ వదల్లేదయ్యా. పెండ్లి చేసి పంపించినారు. ఇప్పుడు ఆ ఊరోళ్లు మా మనిషివి కాదంటారు, ఈ ఊరోళ్లు మా మనిషివి కాదంటారు. నా పేరు రాసుకునేదానికి యాడా చోటు లేదంట. నువ్వన్నా రాసుకో."

ఆరుసార్లు చెప్పిన మాటలే కాబట్టి తడుముకోకుండా చెప్పింది. చివరిదాకా విన్నవాడు మాత్రం ఇతనే. శశికుమార్‌కు నాటకంలో తన తర్వాతి మాట గుర్తు రాలేదు. ఇంట్లో ఎవరున్నారు, భర్త ఎప్పుడు పోయాడు, ఎన్నిసార్లు తిరిగావు, అన్నీ అడిగాడు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నా తల తిప్పలేదు. అంతా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి, వేలిముద్ర వేయించి, నాటకం కోసం చెక్కించిన పెద్ద కొయ్య ముద్ర కొట్టి ఇచ్చాడు. మునెమ్మ దాన్ని మిగతా కాగితాలతో కలిపి సంచిలో పెట్టుకుంది. పని ఏమీ కాకపోయినా, ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే ఆమెకు ఒళ్లు తేలికైనట్టనిపించింది.

లోపల ఆనందరాజ్ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి ఆ కాగితం దగ్గర ఆగాడు.

"అయ్యా, అది నాటకం కాగితం. తెలీకుండా కలిసిపోయినాది" అని మునెమ్మ చెయ్యి చాపింది.

అతను ఇవ్వలేదు. ముద్రను వేలితో రుద్ది చూశాడు. "తండ్రి పేరుంది. పుట్టిన ఊరుంది. ఇంగ్లీషులో ఉంది. సీల్ ఉంది. ఇంకేం కావాల? దీన్ని మొదటి రోజే తెచ్చింటే ఇంత తిరుగుడు ఉండునా?"

కలైవాణికి భయం వేసింది. "సార్, అడుగున చూడండి. ఈమెను నేటాల్ ఓడ ఎక్కించమని రాసుంది."

మూడు వారాలకు మునెమ్మ పేరుతో కార్డు వచ్చింది, అది వేరే మాట. ఆ రోజు మాత్రం ఆనందరాజ్ తల ఎత్తకుండానే కాగితాన్ని ఫైలుకు కట్టేశాడు.

"ఓడ సంగతి మాకు తెలీదమ్మా. పక్క కౌంటరు."

పక్క కౌంటరు దగ్గర అప్పటికే పదిహేను మంది నిలబడి ఉన్నారు.