గొంగడి కప్పుకున్న పంది

ఆ రోజు మల్లేశం పెట్టుకున్న పనులు రెండే. పొద్దున్నే కుక్కకు పాఠం చెప్పాలి. తర్వాత ట్రాక్టరెక్కి సిద్దిపేటకు పోయి, తెలంగాణ కోసం సాగుతున్న రిలే నిరాహార దీక్షలో కూర్చోవాలి. ఆ రోజు వంతు వాళ్ల ఊరిది.

పాఠం అడవి పందిని పట్టడం. మక్కచేను పాలకంకి మీదుంది. పక్క చేలను పందులు అప్పటికే నేలమట్టం చేశాయి. "మా సింగడు తయారైతుండు, ఒక్క పందిని గూడ రానియ్యడు" అని మల్లేశం ఊరంతా చెప్పుకున్నాడు. సింగడికి ఎనిమిది నెలలు. పందిని ఇంతవరకు చూడలేదు. అందుకని మల్లేశమే నల్ల గొంగడి కప్పుకొని, మోకాళ్ల మీద పాకుతూ గుర్రుమనేవాడు. భార్య బాలమణి "ఉస్కో" అని కుక్కను వదిలేది. అది గొంగడి పట్టి గుంజగానే జేబులోంచి ఒక మాంసం ముక్క తీసి పెట్టేవాడు.

"పది దినాలాయె. అది పందిని నేర్సిందో, నిన్ను నేర్సిందో" అంది బాలమణి.

"నీకేం తెల్వది, ఊకో."

నలుగురికీ చూపించాలని సింగడిని వెంట తీసుకుపోయి, దీక్ష టెంటు గుంజకు కట్టేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఉద్యమ నాయకుడు రామేశ్వర్ సారుకు గొంగడి కప్పి దీక్ష మొదలుపెట్టాలి. కొత్తది తెస్తానన్న దుబ్బయ్య మరిచి వచ్చాడు.

"నాది లేదా?" అని మల్లేశం తన భుజం మీది గొంగడి తీసి సారుకు కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చాప మీద కూర్చోవడానికి సారు చేతులు ఆనించి వంగాడు.

సింగడికి ఎవరూ ఉస్కో అనాల్సిన పని పడలేదు. అది దూకింది. గుంజ ఊడింది. టెంటు అందరి మీదా పడింది.

"పోలీసోళ్లు టెంటు పీకిన్రు" అని గుడ్డ కింద ఎవరో అరిచారు. పిల్లగాండ్లు పోయి రోడ్డు మీద కూర్చున్నారు. రెండు దిక్కులా బస్సులు ఆగాయి. ఎదుటి హోటలు నుంచి కానిస్టేబులు గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చి, "నేను చాయ్ తాగుతున్ననయ్యా" అని మొత్తుకున్నాడు.

మల్లేశం మెల్లగా జనం వెనక్కి జరిగాడు. ఇంతలో సింగడు గొంగడిని ఈడ్చుకుంటూ బయటికొచ్చింది.

"గీ కుక్క ఎవలది?" కానిస్టేబులు అడిగాడు.

"ఏమో, యాడ్నో చూసినట్టే ఉన్నది" అన్నాడు మల్లేశం.

సింగడు సరాసరి వచ్చి గొంగడిని అతని కాళ్ల దగ్గర పెట్టింది. కాసేపు చూసి, రెండు కాళ్లూ అతని ఎదకు ఆనించి జేబులోని పొట్లం గుంజింది. దీక్ష చాప మీద యాట మాంసం ముక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి.

"దీక్ష మాకు, ముక్కలు నీకా మల్లేశం?" అంది పక్కింటి రాములవ్వ.

"కుక్క కోసం తెచ్చిన." నిజమే. కాని నిజం చెబుతున్న మనిషిలా కనిపించలేదు.

రామేశ్వర్ సారు అంగీ దులుపుకుంటూ లేచాడు. "ఏమనుకోకుర్రి గని, ఇంతకూ నన్నేమనుకున్నది గీ కుక్క?"

ఊరందరికీ తెలిసిన జవాబే. ఒక్కరూ చెప్పలేదు. మల్లేశం వంగి చాప మీది ముక్కలు ఏరసాగాడు.

మరునాడు తెల్లవారుతుండగా పందులు నిజంగానే చేనులో పడ్డాయి. "ఉస్కో" అన్నాడు మల్లేశం. సింగడు పందులను ఎగాదిగా చూసింది. ఒక్కదాని మీదా గొంగడి లేదు. తిరిగొచ్చి మల్లేశం జేబు ముందు కూర్చుంది.

మిగిలిన సగం చేనుకు ఆ చలికాలమంతా మల్లేశమే కావలి కాశాడు, గొంగడి లేకుండా.