ఏడో ఇన్నింగ్ తీర్మానం

"ఈ క్షణం నుంచి ఈ జట్టు నాది కాదు, మీది! అభిమానులే యజమానులు!" అని కార్ల్‌టన్ ప్రూయిట్ గారు మైకు ముందు ప్రకటించారు. తాతల నాటి నుంచి వంశంలో ఉన్న హెరన్స్ బేస్‌బాల్ జట్టును ఆయన కెల్సీపోర్ట్ నగర ప్రజల చేతుల్లో పెట్టేశారు. కర్ణుడు కవచం కోసి ఇచ్చాడని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఇచ్చేటప్పుడు రేటు చెప్పే తెలివి ఆ మహానుభావుడికి లేకపోయింది. ప్రూయిట్ గారు చెప్పారు. షేరు రెండు వందల డాలర్లు.

వెర్నా స్టాడ్‌లర్ ఆ రోజే వరసలో నిలబడి ఒకటి కొంది. ఆవిడ చలికాలమంతా నగరపాలక సంస్థ వారి మంచు తోసే బండి నడుపుతుంది. వేసవంతా మైదానం ఎడమ కొసన, లెఫ్ట్ ఫీల్డ్ గోడ పక్కన చెక్క బెంచీల మీద కూర్చుని అవతలి జట్టును తిడుతుంది. స్టేడియంలో అన్నిటికన్నా చవక సీట్లవి. ఆటగాడి చెవిన పడేలా తిట్టాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. బండి తోలడం, తిట్టడం, రెండూ ఊరికి సేవేనని ఆవిడ నమ్మకం.

"ఈ షేరు మళ్ళీ అమ్ముకోవచ్చాండీ?" అని వెర్నా స్వయంగా ప్రూయిట్ గారినే అడిగింది.

"అపచారం! కన్నతల్లిని అమ్ముకుంటారా?"

"లాభాల్లో వాటా ఏమన్నా..."

"ప్రేమలో వాటాలుంటాయామ్మా?"

"పోనీ, టికెట్టు ధరన్నా తగ్గుతుందా?"

"యజమానే టికెట్టు కొనకపోతే ఇంకెవరు కొంటారు?"

"మరి దీంతో నేనేం చేసుకోవాలండీ?"

"పటం కట్టించుకోవాలి" అన్నారు ప్రూయిట్ గారు భక్తిగా. వెర్నా కట్టించుకుంది.

అయితే షేరుకు ఒక హక్కు మాత్రం ఉంది. ఏడాదికోసారి జరిగే యజమానుల సభలో ఓటు. సభ కోసం జనం పనులు మానుకోకూడదని ప్రూయిట్ గారు దాన్ని స్టేడియంలోనే, ఆట మధ్యలోనే పెట్టించారు. చేతులెత్తడం, చీటీలు వేయడం లాంటి శ్రమ లేదు. ఆయన తీర్మానం చదువుతారు. ఒప్పుకున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఒప్పుకోనివాళ్ళు కూర్చుంటారు. కూర్చోవడమే నిరసనగా చెల్లే ప్రజాస్వామ్యం భూమ్మీద మరెక్కడా లేదని స్థానిక పత్రిక సంపాదకీయం రాసింది.

మొదటి సభకు ముందే పాత స్టేడియం ముసలిదైపోయిందని వార్త పుట్టింది. ఎక్కడో ఒక ఇటుక ఊడిందట. కొత్తది కట్టాలి. కట్టడానికి డబ్బు నగరం పెట్టాలి. నగరం దగ్గర లేదు కనుక అమ్మకం పన్ను పెంచాలి. నగర మండలి సభ్యులు మాత్రం చాలా ఖచ్చితమైన మనుషులు. జట్టు యజమానులైన ప్రజలు ఒప్పుకుంటే తప్ప పైసా ఇవ్వమని భీష్మించారు.

"నేనూ ముసలిదాన్నే. నన్నూ కూలుస్తారేమో కనుక్కో" అంది వెర్నా, పక్క బెంచీలో ఉండే మంగలి ఓడెల్‌తో.

"నువ్వు కూలితే కొత్త రోడ్డెయ్యాలే తల్లీ! మనం ఒప్పుకుంటేగా ఇదంతా. చచ్చినా లేవం."

"లేవం" అన్నారు బెంచీల వాళ్ళందరూ ఒకే గొంతుతో.

సభ రోజు వచ్చింది. బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్‌లు. మొదటి ఇన్నింగ్ నుంచి ఆరో ఇన్నింగ్ దాకా తీర్మానం ఊసే లేదు. ఏడో ఇన్నింగ్ సగమైంది. ఆర్గన్ వాద్యం మోగింది. ఏడో ఇన్నింగ్ సగంలో లేచి నిలబడి, ఒళ్ళు విరుచుకుని, పక్కవాడి భుజం మీద చెయ్యేసి పాత పాట పాడటం ఆ దేశంలో తాతముత్తాతల నాటి ఆచారం. అప్పుడు కూర్చున్నవాడు కనిపిస్తే గుండెపోటేమోనని డాక్టర్ని పిలుస్తారు. వెర్నా లేచింది. ఓడెల్ లేచాడు. స్టేడియమంతా లేచింది. పాట రెండో చరణంలో ఉండగా లౌడ్‌స్పీకర్లలో ప్రూయిట్ గారి గొంతు సన్నగా వినిపించింది. "...అనుకూలంగా ఉన్నవారు నిలబడవలసిందిగా కోరుతున్నాను. ధన్యవాదాలు. ఏకగ్రీవం!"

వెర్నా నోరు పాట మీద తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ప్రూయిట్ గారి గదికి వెళ్ళింది. జట్టు గుర్తు కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని జపం చేస్తున్నట్టుండే కొంగ. ఆ బొమ్మ ఊరంతా ఉంది గానీ ఆ గది తలుపు మీద కుదిరినంత అందంగా మరెక్కడా కుదరలేదు.

"మేం పాట కోసం లేచామండీ" అంది వెర్నా.

"ఎందుకు లేచారని చట్టం అడగదమ్మా. లేచారా, లేదా?"

"లేచాం."

"ఏడుస్తూ లేచారా?"

"లేదండీ, పాడుతూ..."

"చూశారా! నేను ఇన్నేళ్ళ వ్యాపారంలో పాడుతూ పన్ను పెంచుకున్న జనాన్ని చూడలేదు. చేతులెత్తి మొక్కాలి మీకు."

మొక్కారు కూడా. వెర్నా తిరిగి నమస్కారం పెట్టి వచ్చేసింది. దారి పొడుగునా తన కాళ్ళను తానే తిట్టుకుంది.

కొత్త స్టేడియం లేచింది. రొట్టె మీద పన్ను, మేజోళ్ళ మీద పన్ను, శవపేటిక మీద పన్ను. పిల్లల ఈతకొలను మూతపడింది. మంచు తోసే బండ్లలో సగం అమ్మేశారు. మిగిలిన బండితో వెర్నా రెండు పేటల మంచు తోయాల్సి వచ్చింది. చెక్క బెంచీలుండే చోట అద్దాల గదులు వెలిశాయి. వాటిలో కంపెనీల పెద్దలు రొయ్యలు తింటూ ఆటకు వీపు పెట్టి కబుర్లు చెప్పుకుంటారు. షేర్లున్న జనాన్ని ప్రూయిట్ గారు మరిచిపోలేదు. అందరికన్నా పైన, స్కోరుబోర్డు వెనకాల, "యజమానుల అంతస్తు" అని ప్రత్యేకంగా కట్టించారు. అక్కడి నుంచి స్కోరుబోర్డు వీపు, దూరంగా సరస్సు, ఎంతో చక్కగా కనిపిస్తాయి. బంతి కనిపించదు. ఎవరినీ తిట్టలేని ఆ ఎత్తులో కూర్చుని వెర్నా మొదటిసారి ఏడ్చింది.

నాలుగేళ్ళు తిరక్కుండానే, ఆ స్టేడియం కూడా పాతబడిపోయిందని ప్రూయిట్ గారు బాధపడ్డారు. దక్షిణాదిన ఎడారి పక్కన ఒక ఊరు ఇంకా కొత్త స్టేడియం కట్టి పెట్టుకుని హెరన్స్ కోసం ఎదురు చూస్తోందట. కొంగలు ఎడారికి ఎందుకు పోతాయని ఎవరూ అడగలేదు. నగరంతో చేసుకున్న ఒప్పందంలో మాత్రం ఒక మాట ఉంది. యజమానుల సభలో తేలకుండా జట్టు ఊరు దాటకూడదు.

"కత్తి పిడి మన చేతిలోనే ఉంది ఓడెల్!" అంది వెర్నా.

"పోయినసారీ మన చేతిలోనే ఉంది. కోసుకున్నాంగా" అన్నాడు ఓడెల్.

ఆ చలికాలమంతా వెర్నా మంచు తోసిన ప్రతి గుమ్మం ముందూ బండి ఆపి తలుపు కొట్టింది. "జట్టు పోతే మనకి మిగిలేది పన్నే. ఏడో ఇన్నింగ్‌లో లేవకండి. మీ అమ్మ మీద ఒట్టు!" ఓడెల్ తన కొట్లో గడ్డం గీయించుకునేవాడి కుత్తిక మీద కత్తి ఆనించి "లేస్తావా?" అని అడిగేవాడు. లేస్తానన్నవాడు ఒక్కడూ లేడు. అయినా వెర్నాకు నమ్మకం కుదరలేదు. ఆర్గన్ మోగితే కాళ్ళు మాట వినవని ఆవిడకు అనుభవమే. అందుకని మంచు బండి రొదకు డ్రైవర్లు చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు షెడ్డు నుంచి పెట్టెలకు పెట్టెలు మోసుకొచ్చి, సభ రోజున యజమానుల అంతస్తు గేటు దగ్గర పంచింది.

"ఆరో ఇన్నింగ్ అవగానే పెట్టుకోండి. ఆ పెద్దమనిషి ఏం చదివినా మనకొద్దు. నేను టోపీ ఊపితే అయిపోయినట్టు. అప్పుడే తీయండి."

ఏడో ఇన్నింగ్ సగమైంది. ఆర్గన్ మోగింది. యజమానుల అంతస్తులో ఎవరూ లేవలేదు. ముసలివాళ్ళు తమ మోకాళ్ళను తామే రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. ఓడెల్ కుర్చీని వాటేసుకున్నాడు. మైదానంలో అవతలి జట్టు ఆటగాళ్ళు స్కోరుబోర్డు సందులోంచి పైకి చూసి, ఎవరో పోయారనుకుని టోపీలు తీసేశారు. వెర్నా గుండె పొంగిపోయింది. ఇన్నేళ్ళలో ఈ ఊరు ఒక్క మాట మీద నిలబడటం, అంటే కూర్చోవడం, ఇదే మొదటిసారి అనుకుంది. సైగ చేయవలసింది తనే కనుక ఆవిడ చెవులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

ఆర్గన్ ఆగింది. ఓట్లు లెక్కపెట్టడానికి ఆ అంతస్తు కిందికే వచ్చి మైకు పట్టుకున్న ప్రూయిట్ గారు ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క మాటా ముత్యంలా పలికారు.

"తీర్మానం. మన హెరన్స్ జట్టు కెల్సీపోర్ట్ నగరంలోనే కలకాలం కొనసాగాలి. అనుకూలంగా ఉన్నవారు దయచేసి నిలబడండి."

వెర్నా చివాలున లేచింది.

"లేవండి! ఓడెల్, లే! అందరూ లేవండర్రా!"

ఓడెల్ ఆవిడ చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. ఆ ఊపుకు సైగ చేయాల్సిన టోపీ కుర్చీల కింద ఎక్కడో పడిపోయింది. "కూర్చో వెర్నా! నువ్వే లేస్తే ఎట్లా?" అని చెవిటివాడిలా అరిచాడు. వెనక వరసలోంచి ఎవరో వేరుశనగ తొక్కలు విసిరారు. "సిగ్గులేదూ! ఎంత ముట్టిందే నీకు?" అని ఒక ముసలావిడ వేలు చూపించింది. వెర్నా ముందు వరస వాళ్ళ భుజాలు పట్టి ఊపింది. వాళ్ళు పళ్ళు బిగించి, కుర్చీలను ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"అనుకూలం, ఒక్కరు" అన్నారు ప్రూయిట్ గారు. "యజమానుల ఆజ్ఞ. మనసుకు ఎంత కష్టమైనా శిరసావహిస్తాను." ఆయన తల వంచుకుని మైకు దింపేసి వెళ్ళిపోయారు.

పై అంతస్తు నుంచి చూస్తే ఆ వంచిన తల ఒక్కటే కనిపించింది. ఓడిపోయిన మనిషి తల అలాగే ఉంటుందని అందరికీ తెలుసు. వెర్నా టోపీ ఊపేదాకా కూడా ఆగకుండా బిరడాలు పీకి గాల్లోకి ఎగరేశారు. ఒకరినొకరు కావలించుకున్నారు. ఓడెల్ కళ్ళ నీళ్ళతో "చూశావా వెర్నా, నువ్వు తప్ప ఒక్కడన్నా లేచాడా!" అన్నాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. యజమానులందరూ లేచి నిలబడి, భుజాల మీద చేతులేసుకుని, గొంతెత్తి పాడారు.

వెర్నా కూర్చుండిపోయింది.