మడత దాకా

ఆ బుధవారం పొద్దున లెక్క చూసుకుంటే కేశవులు చేతిలో మూడు పుస్తకాలు ఉన్నాయి. ఇంట్లో దిండు కింద గుర్రాల వైద్యం మీద ఒక పాత గ్రంథం, సగం అయింది. ఆయనకు గుర్రం లేదు, కొనే ఉద్దేశమూ లేదు. స్కూటరు డిక్కీలో ఒక ఓడ ప్రయాణం కథ, ముప్పాతిక అయింది. అంగట్లో గల్లాపెట్టె వెనక ఒక డిటెక్టివ్ నవల. అందులో ఇంకా నలభై ఎనిమిది పేజీలు మిగిలాయి. ఇవి కాక రావలసినది ఒకటి ఉంది. తాడిపత్రిలో ఎవరో వకీలు ఇల్లు ఖాళీ చేస్తుంటే, పాత కాగితాల వ్యాపారి ఖాజా పీర్ ఒక లావుపాటి నవలను కేశవులు కోసం పక్కన పెట్టించాడు. అది సాయంత్రం బస్సుకు కదిరి చేరుతుంది.

కదిరిలో పచారీ అంగడి నడిపే కేశవులు పుస్తకాలు కొనడు. ఖాళీ అట్టపెట్టెలను ఖాజా పీర్‌కు తూచి ఇచ్చి, అంత తూకానికి పాత పుస్తకాలు తీసుకుంటాడు. ప్లాస్టిక్ కవర్లు ఆగిపోయినప్పటి నుంచి ఆయన అంగట్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు కాగితం పొట్లాల్లోనే పోతున్నాయి. చదవడానికి కాగితం కావాలి, పొట్లానికీ కాగితం కావాలి. ఒకే కాగితం రెండు పనులూ చేస్తున్నప్పుడు రెండు కాగితాలు ఎందుకన్నది ఆయన ప్రశ్న. అందుకని చదివినంతవరకు చదివి, ఆ పేజీ మూల మడుస్తాడు. మరునాడు పొద్దున పొట్లాలు కట్టే మారెక్క ఆ మడత దాకా చించుకుంటుంది. ఆయన చదివే కొద్దీ పుస్తకం తరుగుతుంది, అంగడి నడుస్తుంది. ఆ డిటెక్టివ్ నవల పేరు, రాసిన వాడి పేరు ఉన్న మొదటి పేజీ నెల కిందటే ఎవరి ఇంటికో జీలకర్రతో వెళ్లిపోయింది. ఇంకో ప్రతి తెప్పించుకోవాలన్నా ఏమని అడగాలో ఆయనకు తెలియదు.

నవలలో ఒక బంగళా, అందులో పాలలో విషం తాగి చచ్చిపోయిన ఒక పెద్దాయన, ఐదుగురు అనుమానితులు. నూట అరవై పేజీల్లో ఆ పెద్దాయన తమ్ముణ్ణి, వంటమనిషిని, మేనకోడలిని కొట్టివేసి, వకీలును, డాక్టరును మిగుల్చుకున్నాడు కేశవులు. ఏ సరుకు ధర ఎప్పుడు పెరుగుతుందో చెప్పడంలోనూ, ఏ నవలలో హంతకుడు ఎవరో చెప్పడంలోనూ ఆయన లెక్క ఇంతవరకు తప్పలేదు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా అంగట్లో బేరం పలచగా ఉంటుంది. ఆ రెండు గంటల్లో నవల ముగించి, లెక్క సరిపోయిందని చూసుకుని, సాయంత్రానికి కొత్త పుస్తకం పట్టాలి. ఇదీ ఆ రోజు ఏర్పాటు.

సరుకు కోసం మార్కెట్ యార్డుకు పోయి పదకొండుకు తిరిగివచ్చి, భార్య సుమిత్రమ్మను ఇంటికి పంపి, ఆయన గల్లాపెట్టె వెనక చెయ్యి పెట్టాడు. పుస్తకం తగల్లేదు.

మారెక్క కూతురి కాన్పుకని తనకల్లు పోయింది. ఆమె బదులు వెనక వీధి రసూల్‌బీ వచ్చి పొట్లాలు కడుతోంది.

"ఏమక్కా, ఈడ నవల ఉండల్ల. యాడ?"

"ఇదో, ఉండాది గదన్నా" అని రసూల్‌బీ ఎనిమిది కాగితాలు చేతిలో పెట్టింది. నూట నలభై అయిదో పేజీ నుంచి నూట అరవయ్యో పేజీ దాకా. అన్నీ ఆయన చదివేసినవే.

"తక్కినవి?"

"మడత దాకా చించమని సుమిత్రమ్మ చెప్పింది. చించినా."

"మడతకు ముందర చించల్లక్కా. నువ్వు వెనక చించినావు."

"ఎందుకు వెనక చించుతా? మొదలు నుంచే చించినా." ఆమె ఆ ఎనిమిది కాగితాలను తిప్పి, కుడిచేతి వైపు నుంచి తెరిచి చూపింది. "ఇది మొదలు గదా?"

రసూల్‌బీ ఉర్దూ బాగా చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది, అంకెలు చదువుతుంది, అక్షరాలు రావు. ఉర్దూ పుస్తకం కుడి నుంచి మొదలవుతుంది. ఆమె పుట్టినప్పటి నుంచి తెరిచిన ప్రతి పుస్తకమూ అటు నుంచే మొదలైంది. కేశవులు ఆమె తప్పు కోసం కాసేపు వెదికాడు, దొరకలేదు.

"మా పుస్తకాలన్నీ ఇట్లనే తెరుస్తారన్నా" అంది రసూల్‌బీ. "మీరే వెనక నుంచి చదువుతాండారేమో, చూసుకోండి."

నలభై ఎనిమిది పేజీలంటే ఇరవై నాలుగు కాగితాలు, ఇరవై నాలుగు పొట్లాలు. అయిదు ఇంకా పళ్లెంలో ఉన్నాయి. వాటిని విప్పి, సరుకు డబ్బాల్లో పోసి, కాగితాలు దాచుకున్నాడు. పందొమ్మిది ఊళ్లోకి పోయాయి. ఏ పొట్లం ఎవరు పట్టుకుపోయారో సుమిత్రమ్మను ఫోన్లో అడిగి తెలుసుకుని, రసూల్‌బీని అంగట్లో కూర్చోబెట్టి, ఎండలో బయలుదేరాడు.

కావలసిన సరుకును కావాలని అడిగితే దాని ధర పెరుగుతుందన్నది ఆయన పాటించే సూత్రం. అందుకని పక్క సందులోని బయమ్మ దగ్గర కాగితం మాట ఎత్తలేదు.

"బయమ్మా, పొద్దున తెచ్చుకున్న ఆవాల పొట్లం ఇట్లియ్యి. దానికి బదులు రెండు పొట్లాలు ఇస్తా."

బయమ్మ ఇరవై ఏళ్లుగా ఆ అంగట్లోనే కొంటోంది. కేశవులు ఒకటికి రెండు ఇవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది సెట్టీ ఆవాలకు?"

"ఆవాలకేమీ కాలేదు."

"ఏమీ కాకుంటే నువ్వు ఇంత ఎండలో నడిచొచ్చి రెండు ఇస్తావా? పొద్దున చిత్రాన్నంలోకి అవే తిరగవాత వేసినా. మా ఇంటాయన తిని పనికి పోయినాడు. నిజం చెప్పు, మనిషి దక్కుతాడా?"

"దక్కక యాడ పోతాడమ్మా!"

ఆ మాట ఆమెకు ధైర్యం ఇవ్వలేదు. వెంటనే మొగునికి ఫోన్ చేసింది. అప్పటిదాకా ఆయనకు లేని కడుపునొప్పి ఫోన్లోనే మొదలైంది. బయమ్మ ఆవాల పొట్లం కొంగున కట్టుకుని, సరుకు తెలిసిన ఇంకో మనిషికి చూపిస్తానని వీధిలోకి పోయింది.

ఇంకో నాలుగు ఇళ్లు తిరిగేసరికి కేశవులు కంటే ఆయన కబురు ముందు నడుస్తోంది. అంగడికి తిరిగివచ్చి చూస్తే పొట్లాలు పట్టుకుని పదకొండు మంది నిలబడి ఉన్నారు. ఎదురంగడి పాపన్న తన గుమ్మంలో నిలబడి, ఎవరితోనూ కాకుండా అందరికీ వినబడేలా, "మా అంగట్లో ఆవాలంటే ఆవాలేనప్పా" అంటున్నాడు.

కేశవులు డబ్బాలోంచి గుప్పెడు ఆవాలు తీసి, అందరి ముందూ నోట్లో పోసుకుని నమిలాడు. నమలడం ముగిసేదాకా ఎవరూ కదల్లేదు. ఆయన పడిపోలేదు.

"సరుకు మంచిదే" అన్నాడు, కళ్లు తుడుచుకుని. ఇక సూత్రం పాటించి లాభం లేదనిపించింది. "నాకు కావాల్సింది కాగితం. కాగితం తెచ్చినోళ్లకు కొత్త పొట్లం ఊరికే ఇస్తా, పోండి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరుకు వద్దట, కాగితం కావాలట, పైగా ఊరికే ఇస్తాడట. ఆటో రామాంజి ఇందులోని మర్మం మొదట కనిపెట్టాడు. "ప్రతి కాగితానికీ కింద నంబరు ఉండాది, చూడండప్పా. కంపెనీవాళ్ల స్కీము. నంబరు తగిలితే బండి ఇస్తారేమో. సెట్టి మనకు తెలీకుండా ఏరుకుంటాండాడు."

అర గంటలో వీధిలో ఉన్న కాగితమంతా అంగడికి వచ్చింది. పెళ్లిపత్రికలు వచ్చాయి, కరెంటు బిల్లులు వచ్చాయి, ఎక్కాల పుస్తకం వచ్చింది. రామాంజి తెచ్చిన కాగితం మీద నంబరు రెండు వేల పందొమ్మిది. అది పాత క్యాలెండరు. రసూల్‌బీ గల్లాపెట్టె పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసి, నూట అరవై ఒకటికీ రెండు వందల ఎనిమిదికీ మధ్య ఉంటే తీసుకుంది, తక్కినవి తిప్పి ఇచ్చింది.

"ఇది తగల్లేదా అక్కా?" అని రామాంజి.

"నీకు ఈ జన్మకు తగలదు, పో."

కాగితాలు చేరుతున్నాయి కానీ ఒక చిక్కు వచ్చింది. టీ హోటలు ఆంజినప్ప పొద్దున ఆరు పొట్లాలు కొన్నాడు. ఇవ్వబోయే ముందు, అంత విలువైన కాగితంలో ఏముందోనని విప్పి చదివాడు. ఒక్కడే చదివితే సరిగా అర్థం కాలేదని టీ తాగేవాళ్లకు పైకి చదివి వినిపించాడు. అది విని, కాగితాలు దగ్గర ఉన్నవాళ్లంతా తమవి కూడా చదివి, హోటల్లో కలిపి చూసుకున్నారు. పన్నెండున్నరకు ఆంజినప్ప ఆరు కాగితాలూ తెచ్చి, "అన్నా, ఆ పెద్దాయనకు విషం పెట్టింది ఎవరో తెలుసునా" అన్నాడు.

"చెప్పొద్దు!"

"నేను డాక్టరేమో అనుకుంటి. గానీ..."

కేశవులు దీపాల వత్తుల పొట్లం చించి, రెండు చెవుల్లోనూ పత్తి కుక్కుకున్నాడు. ఆ తర్వాత అంగడి సైగల మీద నడిచింది. వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటోలు పెడుతున్నట్టు ఫోన్ మోగుతూ ఉంటే, దాన్ని చూడకుండా రసూల్‌బీ చేతికిచ్చాడు. ఆమె బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. తెలుగు చదవరాని మనిషి ఇంత అక్కరకు వస్తుందని పొద్దున ఎవరన్నా చెబితే ఆయన నమ్మేవాడు కాదు.

ఒంటిగంటకు ఇరవై మూడు కాగితాలు చేరాయి. చేరనిది చివరిదే. బయమ్మ సరుకు చూపించడానికి పోయింది పాపన్న అంగడికి. పాపన్న ఆవాలు ఆమెకు తిరిగి ఇచ్చి, కాగితం ఉంచుకున్నాడు. పాపన్న అంగడి పెట్టిన తొమ్మిదేళ్లలో మొదటిసారి కేశవులు వీధి దాటి ఎదురంగడి మెట్లు ఎక్కి, ఒక చెవిలోంచి పత్తి తీశాడు.

"ఏం కావల్ల, పాపన్నా? అడుగు."

"నాకేమీ వద్దప్పా" అన్నాడు పాపన్న. కాగితం మీద నుంచి చూపు తిప్పలేదు. "దీన్ని ఆరు తూర్లు చదివినా. పట్టుకున్నారు, బేడీలు వేసినారు, అంతా బాగుండాది. కానీ ఈ చచ్చిన పెద్దాయన ఎవరు? ఎందుకు చంపల్ల? మొదలు ఇయ్యి, చదువుకుని ఇది ఇస్తా."

"మొదలు లేదు."

"యాడ పోయింది?"

"అమ్మేసినా. జీలకర్ర, మెంతులు."

పాపన్న కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. "పుస్తకాన్ని చించి అమ్ముతారా ఎవరన్నా? ఏం మనిషివి సెట్టీ నువ్వు."

కేశవులు మాట మార్చి బేరంలోకి దిగాడు. చివరికి బేరం కుదిరింది. చివర ఏం జరిగిందో పాపన్న చెప్పకూడదు. మొదట జరిగింది కేశవులు చెప్పాలి. ఆయన బియ్యం బస్తా మీద కూర్చుని నూట అరవై పేజీల కథ నోటితో చెప్పాడు. గంటంపావు పట్టింది. చివర తెలిసి మొదలు తెలియని టీ హోటలు జనమంతా వచ్చి నిలబడ్డారు. బయమ్మ వచ్చింది. ఆమె మొగుడూ వచ్చాడు, కడుపునొప్పి సంగతి ఆయనకు గుర్తులేదు. వకీలు మీదా డాక్టరు మీదా తన అనుమానాలు కేశవులు వివరించినప్పుడు జనం నోటికి తుండుగుడ్డలు అడ్డం పెట్టుకోవడం మాత్రం ఆయనకు నచ్చలేదు.

"బాగా చెప్పినావు" అని పాపన్న చివరి కాగితం ఇచ్చాడు.

కేశవులు దాన్ని బోర్లించి జేబులో పెట్టుకుని, అంగట్లోకి వచ్చి, ఇరవై నాలుగు కాగితాలూ వరుసలో పేర్చి, కుర్చీ లాక్కుని, రెండో చెవిలో పత్తి తీసేశాడు. ఊరందరికీ తెలిసిన సంగతి తనొక్కడికే తెలియకుండా కాపాడుకున్నాడు. చిన్న పని కాదు.

సుమిత్రమ్మ అన్నం క్యారియర్ తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది.

"దీనికేనా పొద్దున్నుంచి ఈ తిరుగుడు? నన్ను అడిగింటే నేనే చెప్తాంటి కదా."

"నీకెట్ల తెలుసు?"

"పోయిన నెలే చదివినా. మన ఇంటికొచ్చిన పుస్తకాలన్నీ మొదట చదివేది నేనే. మీరు చదివినాక మిగులుతాదా ఏమన్నా? పొట్లాల పద్ధతి పెట్టినప్పటి నుంచి మీకంటే ముందు పరిగెత్తలేక చస్తాండా."

ఇంట్లో చదివేది తానొక్కడే అనుకుంటున్న కేశవులు క్యారియర్ గిన్నెలు వెనక్కి నెట్టాడు. "సరే. ఈ పుస్తకం మాట మాత్రం చెప్పొద్దు."

"ఎందుకు చెప్తా? నాకు తెలీదా?" సుమిత్రమ్మ అన్నం వడ్డించింది, పప్పు వేసింది. "అయినా అందులో దాచేదానికి ఏముండాది? పాలు తాగిన గలాసు ఎవరైనా తెల్లారినాక కడుగుతారు. ఆ మేనకోడలు అప్పటికప్పుడు కడిగి బోర్లించె. ఇంట్లో పని చేసే ఆడదానికి ఆడనే తెలిసిపోతాది."

రసూల్‌బీ పొట్లం కట్టడం ఆపింది. కేశవులు కాగితాల వైపు చూశాడు. మేనకోడలిని ఆయన నలభయ్యో పేజీలోనే కొట్టివేశాడు.

"పప్పు చల్లారిపోతాంది" అంది సుమిత్రమ్మ.

సాయంత్రం ఖాజా పీర్ బస్సు దిగి లావుపాటి నవల తెచ్చేసరికి అంగడి ముందు మనుషులు ఉన్నారు. పొట్లాల కోసం కాదు. సుమిత్రమ్మ ఆ పుస్తకాన్ని మొదట తీసుకుంది. ఆమె తర్వాత పాపన్న, ఆంజినప్ప, బయమ్మ. రామాంజి, నంబరు లేకపోయినా ఫరవాలేదన్నాడు. ఎవరైనా పైకి చదివితే పొట్లాలు కడుతూ వింటానని రసూల్‌బీ చెప్పింది. ఒక్క పేజీ చించినా ఊరుకునేది లేదని అందరూ ఒక్క మాటగా అన్నారు. గల్లాపెట్టె దగ్గర చిల్లర లెక్కపెడుతూ తన పేరు చెప్పలేకపోయిన కేశవులుకు వరుసలో ఏడో చోటు దొరికింది.

ఆ రోజు మొత్తం మీద తేలినది ఇది: చదవకముందే అయిపోయిన పేజీలు నలభై ఎనిమిది, తప్పిన లెక్క ఒకటి, కొత్తగా బయటపడ్డ పాఠకులు ఆరుగురు, వాళ్లందరికీ కలిపి పుస్తకం ఒకటి. సరుకు తగ్గి అడిగేవాళ్లు పెరగడాన్ని అంగడి భాషలో కరువు అంటారు, కదిరికి అది కొత్త కాదు.