సత్తిపండు చెప్పులు

పిడుగు సత్తిపండు నోటుపుస్తకంలోంచి దిగి వెండితెరకు బదిలీ అయిన రోజున ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: నాయనమ్మ కాసులమ్మ, బదిలీల శాఖ నుంచి వచ్చిన శేషాచలంగారు, శాఖవారే వెంట తెచ్చిన విలన్ ఒకడు, మడతకుర్చీలతో సహా దిగిన నమూనా ప్రేక్షకులు ఐదుగురు, సత్తిపండు, చివరగా అతన్ని గీసిన నూకరత్నం. పిల్లి కూడా ఉంది గాని శాఖవారు దాన్ని జాబితాలో రాసుకోలేదు.

నూకరత్నం పదో తరగతి. బళ్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే గాని నోరు విప్పేది కాదు. అనాల్సినవన్నీ డైరీలో రాసుకునేది. డైరీలో పట్టనివాటిని వేరే నోటుపుస్తకంలో బొమ్మల కథగా గీసేది. నలభై రెండో పేజీ పూర్తయిన మర్నాడు సత్తిపండు పుస్తకంలోంచి లేచి నిలబడ్డాడు. నలభై పేజీలు దాటిన వీరులు లేచి నిలబడడం మామూలే. అలా జరిగితే శాఖకు కార్డు ముక్క రాయాలి. రాశారు.

సత్తిపండు కాగితమంత పల్చగా ఉన్నాడు. ఎదురుగా చూస్తే ఆరడుగుల మనిషి. పక్కనుంచి చూస్తే ఒట్టి పెన్సిలు గీత. కాసులమ్మ అప్పటికి రెండుసార్లు బూజనుకుని చీపురుతో దులపబోయింది.

"తెర మీద నిలబడాలంటే మందం రావాలి," అన్నారు శేషాచలంగారు కళ్లజోడు తుడుచుకుంటూ. "మందం ఈలతో వస్తుంది. ఐదుగురిలో ముగ్గురు ఈల వేస్తే పాసు. రెండు అవకాశాలిస్తాం. అప్పటికీ రాకపోతే ఇదిగో."

సంచిలోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టారు. ఇటుకంత ఉంది. ఒక మూల అప్పటికే బాగా అరిగిపోయి ఉంది. నూకరత్నం ఆ మూలకేసి చూసి, చూపు తిప్పేసుకుంది.

మొదటి పరీక్షకు ముందు సవరణలు చేశారు. కండలు పెంచారు. వీపు మీద ఎర్రబట్ట కట్టారు. ఏడో సవరణ చెప్పుల గురించి. పుస్తకంలో సత్తిపండు పిడుగును ఉత్త చేత్తో పట్టుకోగలడు. కానీ ఎవరింట్లోకి వెళ్లినా, అది విలన్ ఇల్లే అయినా, గుమ్మం బయట చెప్పులు విప్పి వెళతాడు. విలన్ని పడగొట్టి బయటికొచ్చేసరికి ప్రతి కథలోనూ ఒక చెప్పు కనిపించదు. వెతుక్కుంటాడు.

"పదకొండు సెకన్లు దండగ," అని శేషాచలంగారు చెప్పులు కొట్టేసి బూట్లు రాశారు.

"అదేం చోద్యం బాబూ! పొద్దున్నే కడిగిన ఇల్లు. బూట్లేసుకుని తొక్కేత్తాడా?" అంది కాసులమ్మ.

"తెర మీద ఇళ్లు కడగరమ్మా."

వంటింట్లో టీ తాగుతున్న విలన్ గ్లాసు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. సత్తిపండు బూట్లతో దూసుకొచ్చాడు, పిడుగు విసిరాడు, విలన్ పడ్డాడు. మొత్తం నాలుగు సెకన్లు. నమూనా ప్రేక్షకుల్లో ఒకాయన ఆవలించాడు. తలపాగా పెద్దాయన పక్కావిడని, "మీ ఊళ్లో వానలు పడ్డాయా?" అని అడిగాడు. ఈల లేదు. సత్తిపండు మొహంలో ముక్కు గీత మాసిపోయింది.

రెండోసారికి ఇద్దరు విలన్లను పెడదామని శేషాచలంగారు కాగితం తీశారు. నూకరత్నం డైరీలో ఒక వాక్యం రాసి ఆయన ముందుకు జరిపింది.

"రాతలో ఇస్తే మూడు ప్రతులు కావాలమ్మా. నోటితో అంటే ఒక్కసారి చాలు."

మూడు ప్రతులు రాయడానికి ఆమె కలం మూత తీసింది. ఈలోగా సత్తిపండు ఎడమ కన్ను కూడా మాయడం మొదలైంది. కలం కింద పెట్టేసింది.

"చెప్పులండి," అంది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "వాడికి పిడుగు పట్టుకోవడం వచ్చండి. చెప్పులతో ఎవరింట్లోకైనా రావడం మాత్రం రాదండి. అది తీసేస్తే వాడు వాడు కాదండి."

"ఓర్నాయనో, మా పిల్ల మాటాడిందే!" అంది కాసులమ్మ.

శేషాచలంగారు నిబంధనలు తిరగేశారు. గీసినవాళ్లు మాట్లాడితే ఏం చేయాలో ఎక్కడా లేదు. అందుకని ఒప్పుకున్నారు.

సత్తిపండు మళ్లీ వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. లోపల విలన్ కత్తెత్తి నిలబడి ఉండగా, వంగి ఒక చెప్పు విప్పాడు. రెండోది విప్పాడు. రెండూ పక్కపక్కన సర్దాడు. ఆవలించినాయన నోరు మూసుకున్నాడు. విలన్ చెయ్యి నొప్పెట్టి కత్తి కాస్త దించాడు. అప్పుడు సత్తిపండు వట్టికాళ్లతో లోపలికొచ్చి పిడుగు విసిరాడు. విలన్ కుప్పకూలాడు. ఇంకో పిడుగును దీపంలా పట్టుకుని బయటికెళ్లి చూస్తే, ఎడమకాలి చెప్పు లేదు. అరుగు కింద వెతికాడు. తులసికోట వెనక వెతికాడు. పిల్లిని అడిగాడు.

"ఆగాగు అబ్బాయీ! నా కుర్చీ కింద ఉంది, ఇదిగో!" అని తలపాగా పెద్దాయన చెప్పు పైకెత్తి, రెండో చేత్తో ఈల వేశాడు. ఆ వెంటనే మిగతా నలుగురూ వేశారు. కాసులమ్మ కూడా వేసింది గాని, ఇంటివాళ్ల ఈల లెక్కలోకి రాదు. పడిపోయిన విలన్ పడ్డచోటే పడుకుని చప్పట్లు కొట్టాడు. వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చి పడింది. నేల మీద సత్తిపండు నీడ పడింది, నల్లగా, నిండుగా. నూకరత్నం ఏడుస్తూ నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక అంతమందిలో అంత గట్టిగా నవ్వడం ఆమెకు అదే మొదలు.

మందం ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. ఆమె పక్కకు తిరిగినప్పుడు కాసులమ్మ చూసి, "మరీ చిక్కిపోయావే, కనపడ్డమే లేదు. అన్నం తిను," అంది.

శేషాచలంగారు రబ్బరు సంచిలో వేసుకుని, చాప పరిపించారు. "ఇక కథా చర్చ మొదలవుతుంది తల్లీ. గీసినవాళ్లు బయట ఉండాలి. ఆనవాయితీ. గీసినవాళ్లంతా అలాగే ఉంటారు."

"ఆయ్," అంది నూకరత్నం, మళ్లీ పాత గొంతుతో. బయటికొచ్చింది. గుమ్మం ముందు సత్తిపండు చెప్పులు చెరోవైపు తిరిగి ఉన్నాయి. వంగి సరిచేసింది. ఆ జత మీద రేపు వెయ్యి హాళ్లలో ఈలలు పడతాయి. అది తలుచుకుంటే ఆమెకు ఒళ్లు పులకరించింది.

తలెత్తేసరికి గుమ్మంలో సత్తిపండు నిలబడి ఉన్నాడు, తలుపు నిండా. "కాస్త పక్కకు జరగండి, ఎవరండీ మీరు?" అని మర్యాదగా అడిగి, తలుపు మూశాడు. చప్పుడు కాకుండా మూయడం కూడా ఆమె నేర్పిందే.