కరువు కనిపించని కంప్యూటర్

"సోమవారం నుంచి మన మండలంలో కరువుండదు!"

2006 ఆగస్టులో మండలాధ్యక్షుడు తిప్పేస్వామి ఈ ప్రకటన చేయగానే జనం ఆకాశంకేసి చూశారు. ఆయన వేలు మాత్రం మండలాఫీసు కంప్యూటర్‌ని చూపిస్తోంది.

మంత్రిగారు వస్తున్నారు. ఊరందరికీ కలిపి ఉన్న ఆ ఒక్క లైనక్స్ కంప్యూటర్‌లో ఇంటర్నెట్ చూస్తారు. మండలం పేరు కొడితే చాలు, ఎండిన వేరుశనగ చేలు, వలసపోయే జనం. దూరదృష్టి గల నాయకుడు ఇలాంటివి సహించడు.

"బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే సరిపోతాదన్నా," అంది ఆపరేటర్ పద్మప్రియ. "కరువు, వలస అనే మాటలుండే పేజీ తెరిస్తే, దాని బదులు పచ్చని చేను బొమ్మ వస్తాది."

"చేను ముందర నేనుండల్ల. దండం పెడతా."

"సరేన్నా. ఎవరి లాగిన్‌లో పెట్టల్ల? ఆఫీసర్లదా, రైతులదా?"

"అందరికీ పెట్టు పాపా. తేడాలు నాకు గిట్టవు."

"అట్లయితే రూట్ నుంచి పెడతా, కంప్యూటర్ పెత్తనమంతా దాందే. యూజర్లెవరూ తీసేయలేరు. రేపు కొత్త యూజర్లు చేరినా వాళ్లకూ అదే వస్తాది."

"ఇంకా పుట్టని యూజర్లకు గూడానా!" తిప్పేస్వామి కళ్లు చెమర్చాయి. అంత ముందుచూపున్న పథకం ప్రభుత్వంలో అప్పటికి ఇంకొకటి లేదు.

ఫలితం అమోఘం. వ్యవసాయాధికారి కరువు నివేదిక తెరిస్తే పచ్చని చేను, నమస్కారం. ఆ వారం ఆయనకు బీపీ తగ్గింది. మంత్రిగారైతే ముగ్ధులైపోయారు. జిల్లా ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ వేయిస్తానని ఎక్స్‌టెన్షన్‌ని సీడీలో పట్టుకుపోయారు.

ఆ తర్వాతి శుక్రవారం చౌడమ్మ వచ్చింది. తిప్పేస్వామి చేను పక్క చేను ఆమెది. వెనకాల ఊళ్లో రైతులంతా.

"ఏమప్పా తిప్పేస్వామీ, కరువు సాయానికి కంప్యూటర్లో దరఖాస్తు ఈపొద్దు సాయంత్రం లోపల పంపల్లంట గదా? ఇత్తనాలన్నా రాకపోతే నేను రేపు బెంగుళూరు బస్సెక్కేదే."

"నేనుండేది ఇంకెందుకు చౌడక్కా!"

పద్మప్రియ దరఖాస్తు పేజీ తెరిచింది. పచ్చని చేను. ముందు తిప్పేస్వామి దండం పెడుతున్నాడు.

"ఇది యాడి చేనప్పా?" చౌడమ్మ కళ్లజోడు సర్దుకుంది. "నా చేను పక్కది కాదే!"

రైతుల లాగిన్‌లో చూశారు. అదే. ఆఫీసర్ల లాగిన్‌లోనూ అదే. అప్పటికప్పుడు కొత్త యూజర్‌ని పుట్టించారు. వాడికీ పుట్టగానే తిప్పేస్వామి దండం పెట్టాడు.

గోడ గడియారం నాలుగు దాటింది. చౌడమ్మ సంచిలో అప్పటికే రెండు చీరలు ఉన్నాయి.

అప్పుడు ఆ మహానాయకుడు ఎవరూ చేయలేని త్యాగం చేశాడు. "తీసెయ్ పాపా," అన్నాడు, బొమ్మవైపు చూడకుండా. పద్మప్రియ రూట్‌లోకి వెళ్లి ఎక్స్‌టెన్షన్ పీకేసింది. దరఖాస్తు తెరుచుకుంది. "మా మండలంలో తీవ్రమైన కరువు" అని తిప్పేస్వామి దగ్గరుండి కొట్టించి పంపించాడు. ఆఫీసు చప్పట్లతో మారుమోగింది. ఎందుకైనా మంచిదని జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"అందిందన్నా! ఇప్పుడే తెరిచినాం," అన్నాడు అక్కడి గుమాస్తా హుషారుగా. "ఎంత పచ్చగుండాది మీ చేను! ముందర నువ్వు దండం పెడతాండావు. మా సారు చూసి మురిసిపోయినాడు. ఈ మండలానికి సాయం వద్దు, సన్మానం చేయాలన్నాడు."

తిప్పేస్వామి రిసీవర్ మెల్లగా పెట్టేశాడు.

"ఏమన్యారప్పా?" సంచి చంకన పెట్టుకుని అడిగింది చౌడమ్మ.

ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. అచ్చం బొమ్మలో మాదిరే.