అత్తగారి వైపు టైరు

ఎనిమిదికి నరీన్‌లో బయల్దేరాలి, దొలోన్ కనుమ దాటాలి, మధ్యాహ్నం విందుకి కొచ్కోర్ చేరాలి. జుమాదిల్ ప్లాను అంతే. అక్కడ బావమరిది కొడుకు కొత్తగా అడుగులు వేస్తున్నాడు. వాళ్ళ ఆచారం ప్రకారం వాడి కాళ్ళకు నలుపుతెలుపు ఉన్నిదారం కట్టి, కత్తిరించి, నడకకు విడుదల చేస్తారు. దారం పేనింది నాయనమ్మ సాల్కిన్. కట్టాల్సిందీ ఆవిడే. వేసవంతా కూతురు నాజిరా, అంటే జుమాదిల్ భార్య, ఇంట్లోనే ఉన్న ఆ సాల్కిన్, జుమాదిల్‌కి అత్తగారు.

ఏడింటికి గాలి కొట్టించడానికి వెళితే, మెకానిక్ మిర్లాన్ నాలుక చప్పరించాడు.

"అన్నా, కుడివైపు ముందు టైరు చూశావా? బయటి అంచు బోడిగుండు! దీంతో కనుమ ఎక్కకు. ఇంతకీ ఆ వైపు ఎవరు కూర్చుంటారు?"

"మా అత్తగారు." అక్కడి కార్లలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, కుడివైపుది పక్క సీటు.

"ఇంకేం, దొంగ దొరికాడు!"

మిర్లాన్ సరదాకి అన్నాడు. జుమాదిల్ లెక్కల మాస్టారు. సరదాని కూడా లెక్క చేసి చూసే మనిషి. స్టెప్నీ బిగించి, అరిగిన టైరు డిక్కీలో వేసుకుని, కొత్తది కూడా అరిగిపోకుండా ఉపాయం ఆలోచిస్తూ ఇల్లు చేరాడు.

తెల్ల తలగుడ్డ చుట్టుకుని, పెద్దవాళ్ళకి వదిలే ముందు సీటులో సాల్కిన్ అప్పటికే కూర్చుంది. జుమాదిల్ విందుకిచ్చే యాభై కిలోల బంగాళదుంపల బస్తా తెచ్చి, డ్రైవరు వెనక సీటులో పెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. ఇంకో సంచి తెచ్చాడు.

"అదెందుకు నాయనా?"

"సమతూకానికి, అత్తయ్యా. ఇంతకీ మీరు ఎన్ని కిలోలుంటారు?"

నాజిరా కళ్ళు మూసుకుంది. సాల్కిన్ దిగి, గేటు పక్క బల్లమీద కూర్చుంది. "నేను రాను. దారం తీసుకెళ్ళు. అది తేలికే."

తర్వాత తన అక్కకి ఫోన్ చేసింది. అల్లుడు సాల్కిన్‌ని దుంపలతో తూచాడని అక్క కొచ్కోర్‌లో వాళ్ళకి చెప్పింది. ఆవిడని కారు మోయలేనంటోందని కొచ్కోర్ విన్నది. పావుగంటలో బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, మా అమ్మని కనుమ నడిచి దాటమన్నావట! ఇదిగో, లారీ పంపిస్తున్నా!"

"అది కాదయ్యా..." ఫోన్ కట్.

జుమాదిల్ దిక్కుతోచక డిక్కీలోని టైరు లాగి, అత్తగారి కాళ్ళ దగ్గర దొర్లించాడు. "మీరే చూడండి అత్తయ్యా, నా తప్పేముంది?"

సాల్కిన్ కోపం టైరు దగ్గర ఆగింది. ఇరవై రెండేళ్ళు సమష్టి పొలంలో ట్రాక్టరు నడిపిన చెయ్యి దానిమీద అటూ ఇటూ నిమిరింది.

"ఇటు నిమిరితే పిల్లి వీపు, అటు నిమిరితే రంపం. ఇది బరువు చేసిన పని కాదు. ముందు చక్రాలు లోపలికి తిరిగి, నడుస్తున్నంతసేపూ రోడ్డుని గీకుతున్నాయి. ఎక్కడ గుద్దావు?"

జుమాదిల్ దుంపలకేసి చూశాడు.

"ఎక్కడ?" అంది నాజిరా.

"హెడ్మాస్టరుగారి ఇంటి ముందు. కాలవ గట్టుకి. మే నెలలో."

"మే నుంచే బండి కుడివైపుకి లాగుతోంది," అంది సాల్కిన్ మెల్లగా. "నీకు నడపడం సరిగ్గా రాదనుకున్నా. చిన్నబుచ్చుకుంటావని ఎవరితోనూ అనలేదు."

జుమాదిల్ టైరుని పక్కకి తోశాడు. బల్ల అంచున కూర్చుని, "అత్తయ్యా, మీ తూకం నేనడగలేదనుకోండి," అన్నాడు.

"అడిగావు. మర్చిపోతాను. తాళం ఇటివ్వు."

మిర్లాన్ ముప్పావుగంటలో చక్రాలు తిన్నగా చేశాడు. సాల్కిన్ స్టీరింగు పట్టుకుంది. బండి గీత గీసినట్టు కనుమ ఎక్కింది. పైన ఎదురుగా హారన్ కొడుతూ బావమరిది లారీ వచ్చి ఆగింది.

అంత దూరం వచ్చిన లారీ ఖాళీగా తిరిగి వెళ్ళడం బాగోదని, బంగాళదుంపలతోపాటు జుమాదిల్‌ని అందులో ఎక్కించారు.